పెట్టెలో పుట్టిన ప్రాణి

అనంతపురము సీమలో కప్ప వానకు చుట్టము. మేఘము ముఖము చాటువేసిన యేట, పల్లెలలో కప్పను వేపరెమ్మలతో రోకలికి గట్టి, ఇద్దరు భుజముల కెత్తుకొని యింటింటికి త్రిప్పుదురు. ఇల్లాండ్రు దానిపై నీరు గ్రుమ్మరింతురు. త్రాగుటకే నీరు కఱవైన దినములలో కప్పపై చెంబెడు నీరు పోయుట చిన్న త్యాగము కాదు. అట్లు కట్టుటలో దానికి బాధ లేదనుట కల్ల. అయినను ఆ బాధ ఒక పూటతో తీరును. ఊరు తిరిగిన పిమ్మట దానిని విడిచిపెట్టుదురు.

నేడు లోకమున మఱియొక కప్పను ముచ్చటకై యిండ్లలో పెంచుచున్నారు. అది మధ్య, దక్షిణ అమెరికాల వానకారడవులకు చెందిన చిన్న విషపుకప్ప. నీలము, పసుపు, ఎఱుపు వన్నెలతో రత్నమువలె మెఱయును. కొలంబియా దేశమున కొన్ని తెగలవారు దాని విషమును వేటబాణముల మొనలకు పూసెడివారు. వింత యేమనగా, గాజుపెట్టెలో పుట్టి పెరిగిన కప్పకు ఆ విషముండదు. అడవిలో అది తిను చీమలు, సన్నపురుగుల నుండియే విషము దాని చర్మమునకు చేరును. పెట్టెలో పండ్లయీగలను తిని పెరిగినదానికి ఆ యవకాశము లేదు.

“అడవినుండి పట్టి తేలేదు, అడవిని అది ఎఱుగనే ఎఱుగదు, ఇందు దోషమెక్కడిది?” అని పెంచువారు అడుగుదురు. త్రోసివేయదగిన ప్రశ్న కాదు. పట్టి తెచ్చుటకంటె ఇది మేలే. 2022లో సవరించిన మన వన్యప్రాణి సంరక్షణ చట్టమును అనుసరించి, ఇట్టి విదేశీ జీవులు గలవారు ప్రభుత్వమునకు తెలిపి నమోదు చేయించుకొనవలెను. 

కాని అడవినుండి పట్టి తెచ్చినదానిని మరల అడవిలో విడువవచ్చును. పెట్టెలో పుట్టినదానికి పోవుటకు చోటు లేదు. అనంతపురపు చెఱువుగట్టున విడిచినచో అది దయ కాదు, హత్య. ఎండ 40 డిగ్రీలు దాటు సీమలో దాని పెట్టె ఎల్లవేళల చెమ్మగా, చల్లగా నుండవలెను. ఒక మధ్యాహ్నము విద్యుత్తు పోయిన చాలును. పదేండ్లకు పైగా బ్రదుకగల ప్రాణి, ప్రతి శ్వాసకు ఒక మనుష్యుని శ్రద్ధపై ఆధారపడును. బంధము దానికి తెలియదు కనుక బంధమే లేదనరాదు. తెలిసినవాడే పూచీ పడవలెను.

భాగవత పంచమస్కంధమున భరతుడు ఏటిలో కొట్టుకొనిపోవు లేడిపిల్లను కాపాడెను. మరుజన్మమున లేడియై పుట్టెను. కాపాడుట దోషమని ఆ కథ చెప్పలేదు. హరియందు నిలువవలసిన మనస్సు లేడిపిల్లపై నిలిచినది. అయినను ఆ లేడిపిల్ల భరతుడు కోరకయే వచ్చినది. గాజుపెట్టెలోని కప్ప ఒకరి ముచ్చట కోరుటచేతనే పుట్టినది. వెల చెల్లించిన ప్రతిసారి మఱియొక పెట్టెలో మఱియొకటి పుట్టును.

ఇప్పటికే యింట నున్నదానిని కడదాక పోషించుట విధి. క్రొత్తగా కోరువారికి మాత్రము, మన నేలలోనే వానలేని నెలలు మట్టిలో దాగి, తొలకరికి వెలికివచ్చు కప్పలున్నవి. అవి పంటపురుగులను తినును. వాని కాళ్లను విదేశములకు ఎగుమతి చేయుటను 1987లో కేంద్రప్రభుత్వము నిషేధించెను. వానికి గాజుపెట్టె అక్కఱలేదు. వేరుసెనగ చేని ప్రక్కన పురుగుమందు సోకని ఒక చిన్న నీటిగుంట చాలును.