ప్రాణము లేని గురి

తుపాకి పేలినది. అట్టకు చిల్లు పడినది. ఒక్క ప్రాణియు చావలేదు. ఇందులో పాపమేమున్నది? ఈ ప్రశ్న నేడు మన ఇండ్లలోనికే వచ్చి కూర్చున్నది. అడుగుచున్నవారు పరాయివారు కారు, మన బిడ్డలే. కనుక కసరి ఊరకుండుట తగదు, ఆలోచించి బదులు చెప్పవలెను.

హోసూరు బజారులో మూడు తరములుగా వ్యాపారము చేయుచున్న ఒక కుటుంబమును ఉదాహరణకు తీసికొందము. ఇంటి కుర్రవాడు ఇంజనీరింగు చదివి అమెరికాలోని అరిజోనా రాష్ట్రమునకు ఉద్యోగమునకై పోయినాడు. అక్కడ సెలవు దినమున స్నేహితులు నలుగురైదుగురు కలిసి కార్లలో ఎడారికి పోవుదురు. ప్రభుత్వపు బయలు భూములలో చాలచోట్ల గురి కాల్చుటకు అనుమతి కలదు. మట్టిదిబ్బ ముందు అట్టలు నిలిపి, వంతులవారీగా కాల్చి, తెచ్చుకొన్న పులిహోరయు పండ్లును పంచుకొని తిని, ప్రొద్దు గూకులోపల ఇండ్లకు చేరుదురు. అందులో మద్యము లేదు, మాంసము లేదు, జూదము లేదు. కుర్రవాడు తుపాకి పట్టుకొన్న తన ఫోటోను ఇంటికి పంపినాడు. "తుపాకి ముట్టిన చేతితో జపమాల ఎట్లు ముట్టెదవురా?" అని తాతగారు కోపించిరి. "అట్టముక్కకు ప్రాణమున్నదా మామయ్యా? పిల్లవానిని ఏల కసరెదరు?" అని కృష్ణగిరిలో నున్న అల్లుడుగారు వెనకేసుకొని వచ్చిరి.

ఈ రెండు మాటలలోను కొంత నిజమున్నది. కాని రెండును సగము దారిలోనే ఆగిపోయినవి.

మొదట తాతగారి మాట చూతము. ఆయుధమును ముట్టుటయే పాపమైనచో, శ్రవణబెళగొళమున గోమటేశ్వరుని నిలిపిన చాముండరాయని గతి యేమి? ఆయన గంగరాజులకు మంత్రి, సేనాపతి. కత్తి కట్టిన చేతితోనే 981 ప్రాంతమున ఆ మహావిగ్రహమును ప్రతిష్ఠింపజేసెను. మన పెద్దలు గృహస్థుని హింసను నాలుగు విధములుగా విడదీసిరి. వంట, ఇల్లు ఊడ్చుట మొదలగు పనులలో తప్పనిసరిగా జరుగునది ఆరంభి. వృత్తిలో జరుగునది ఉద్యోగి. తన్నును తనవారిని కాపాడుకొనుటలో జరుగునది విరోధి. చంపవలెనని సంకల్పించి చేయునది సంకల్పి. మొదటి మూడింటిని గృహస్థుడు తగ్గించుకొనవలెను, నాలుగవదానిని పూర్తిగా విడువవలెను. డెంకణికోట వైపు రాగిపైరు మీదికి ఏనుగులు దిగినప్పుడు రైతు టపాకాయ కాల్చి తరుముటయు, ఒకడు వినోదమునకు పిట్టను కొట్టుటయు ఒకటి కావు. కనుక ఇనుమును చూచి తీర్పు చెప్పరాదు, చేతి వెనుకనున్న మనస్సును చూడవలెను.

గురి కాల్చుట నేడు ప్రపంచమంతట ఆటగా గౌరవింపబడుచున్నది. మన దేశమున 1951లో జాతీయ రైఫిల్ సంఘము ఏర్పడినప్పుడు దానికి ముందు నిలిచినవారు గాంధీజీ అనుచరులు, లోక్‌సభ మొదటి స్పీకరు అయిన మావలంకర్‌గారు. 2008లో బీజింగు ఒలింపిక్సులో అభినవ్ బింద్రా బంగారు పతకమును, 2012లో లండనులో మన హైదరాబాదున పెరిగిన గగన్ నారంగ్ కంచు పతకమును గెలిచినది పది మీటర్ల గాలి తుపాకి పందెములోనే. ఆ పందెములో నడిమి చుక్క అర మిల్లీమీటరు మాత్రమే. ఊపిరి నిలిపి, గుండె కొట్టుకొనుటను గమనించి, రెండు దెబ్బల నడుమ మీట నొక్కవలెను. ఇంతటి నిగ్రహమును హింస యనుట న్యాయము కాదు.

అట్లని అల్లుడుగారి మాట గెలిచినట్లు కాదు. "ప్రాణి చావలేదు గనుక పాపము లేదు" అనుట మన శాస్త్రమునకు సరిపడదు. ఉమాస్వామి హింసకు లక్షణము చెప్పుచు ప్రాణము పోవుటకంటె ముందు ప్రమాదమును, అనగా మనస్సు ఏమరుపాటున రాగద్వేషములకు లోబడుటను పేర్కొనెను. దీనికి మనకు తెలిసిన గొప్ప దృష్టాంతము యశోధరుని కథ. ఆ కథను సోమదేవసూరి 959లో, వేములవాడ చాళుక్యుల ఏలుబడిలో, గంగాధార యను చోట యశస్తిలకముగా వ్రాసి ముగించెను. తెలుగునేలకు ఆ కథతో అంతటి దగ్గరి చుట్టరికము. యశోధరుడు జంతుబలికి ఒప్పుకొనలేదు. తల్లి చంద్రమతి మాట తీసివేయనులేక పిండితో కోడిని చేయించి దానిని బలి ఇచ్చెను. నెత్తురు చుక్క రాలలేదు. అయినను తల్లియు కొడుకును అనేక జన్మములు నెమలియై, కుక్కయై, తుదకు కోళ్ళై పుట్టి బాధపడిరి. పిండికి ప్రాణము లేదు, కాని కోయువాని తలపులో కోడి యున్నది.

ఇక ఎడారిలోని అట్టను చూతము. దానిపై నల్లని వలయములున్నచో అది లెక్క వంటిది. కాల్చువాడు తన చేతి నిలకడను కొలుచుకొనుచున్నాడు. అదే అట్టపై మనిషి బొమ్మయో, జింక బొమ్మయో ఉండి, గుండెకు తగిలినదా తలకు తగిలినదా అని స్నేహితులు కేకలు వేయుచున్నచో అది పిండికోడి. రెండు అట్టల వెలయు ఒక్కటే, కాల్చువాని ఖాతాలో పడు మొత్తము మాత్రము వేరు.

ఇక్కడ మరియొక చిక్కు కలదు. చాలమంది పెద్దలకు తెలియనిది, అక్కడి పిల్లలు తప్పక తెలిసికొనవలసినది. అమెరికా చట్టము ప్రకారము తాత్కాలిక ఉద్యోగ వీసా మీద నున్న పరదేశీయుడు సాధారణముగా తుపాకి గాని తూటా గాని కలిగియుండరాదు. దానికి కొన్ని మినహాయింపులు కలవు. వానిలో ఒకటి, ఆ దేశపు రాష్ట్రము ఇచ్చిన వేట లైసెన్సు చేతనుండుట. అనగా అట్టముక్కను కాల్చుటకై మన కుర్రవాడు తన పేర వేటగాని చీటిని తీసికొనవలసి వచ్చును. "వేటకు పోను గదా, అది వట్టి కాగితమే" అని అతడు అనవచ్చును. ఆ రుసుము వన్యప్రాణుల శాఖకే చేరును గదా యని కూడ సమర్థించుకొనవచ్చును. కాని వర్తకుని ఇంట పుట్టినవానికి కాగితము వట్టిది కాదు. హుండీ మీద చేవ్రాలు చేసి "అది వట్టి కాగితమే" యన్నవానికి బజారులో అప్పు పుట్టదు. జంతువులను చంపుటకు అనుమతి కోరుచు జైనుడు చేవ్రాలు చేయుట, ఏ జంతువును చంపకపోయినను, యశోధరుని పిండికోడికి మిక్కిలి దగ్గరగా నున్నది.

"ఎడారిలో ఏమున్నది, ఇసుకయే గదా" యను మాటను కూడ పరీక్షింపవలెను. అరిజోనా ఎడారి జీవరాశితో నిండినది. అక్కడ సగువారో యను జెముడు చెట్టు నలువది అడుగుల వరకు ఎదుగును. మొదటి కొమ్మ వేయుటకే ఏబది ఏండ్లకు పైన పట్టవచ్చును. 1982లో ఫీనిక్సు నగరమునకు దాపున ఒకడు వినోదమునకు అట్టి చెట్టును కాల్చగా, దాని కొమ్మ విరిగి మీదపడి అతడే మరణించెను. ఏకేంద్రియ జీవుల సంగతి చెప్పుటకు మనకు ఇంతకంటె కథ అక్కరలేదు. పడమటనున్న మొహావీ ఎడారిలోని తాబేలు జీవితములో అధికభాగము బొరియలోనే గడపును. తుపాకి గుండు దెబ్బలు తగిలిన తాబేళ్ళ డిప్పలు అక్కడ పరిశోధకులకు దొరకినవి. ఇతర కారణములతో కూడ అవి తరిగిపోగా 1990లో ప్రభుత్వము వానిని రక్షింపవలసిన జాతులలో చేర్చినది. 2017 ఏప్రిలులో, అరిజోనాలోనే, పుట్టబోవు బిడ్డ ఆడయో మగయో తెలుపు వేడుకలో పేలుడు మందు నింపిన గురిని ఒకడు కాల్చగా మంటలు చెలరేగి సుమారు 47 వేల ఎకరములు కాలినవి. పుట్టుకను పండుగ చేసికొనబోయి ఎన్ని పుట్టుకలను ముగించిరో!

కనబడని ఖర్చు మరియొకటి కలదు. సాధారణపు పిస్తోలు తూటాలో సీసము ఏడు గ్రాములకు పైన ఉండును. ఒక్కడు దినమునకు నూటయేబది తూటాలు కాల్చినచో కిలోకు పైగా సీసము నేలపాలగును. అయిదుగురు స్నేహితులకు అయిదు కిలోలు దాటును. సీసము విషము. హేమచంద్రాచార్యులు విషవాణిజ్యమును నిషేధించినప్పుడు విషముతోపాటు ఆయుధములను కూడ ఆ పద్దులోనే చేర్చిరి. అమ్మి లాభము తీయరానిదానిని, ఊరక విరజిమ్ముట తగునా?

సమంతభద్రస్వామి చెప్పిన అనర్థదండమును ఇక్కడ తలచుకొనవలెను. అనర్థమనగా ప్రయోజనము లేనిది. పనిలేక నేలను త్రవ్వుట, నీటిని కలచుట, నిప్పు రగిల్చుట, చెట్టును త్రుంచుట, ఇవన్నియు అందులో చేరును. ఆయుధమును ఒకరికి ఇచ్చుటయు అందులోనిదే. దీపావళికి మన ఇండ్లలో టపాకాయలు వలదనుటకు మూలము కూడ ఇదియే. మహావీరస్వామి నిర్వాణదినమున పురుగును కాల్చి పండుగ చేయుట యేమి పండుగ?

ఇది అమెరికా సంగతి యని హోసూరువారు తప్పించుకొనరాదు. చంద్రచూడేశ్వరుని కొండ క్రింద రథోత్సవమునకు వచ్చిన మన పిల్లలు తిరునాళ్ళలో బుడగలను తుపాకితో కొట్టుట చూచుచునే యున్నాము. బుడగ పగిలినంతలో తప్పు లేదు. కాని పుట్టినరోజునకు మేనమామ గాలి తుపాకిని కానుకగా తెచ్చినచో? 2016 నాటి ఆయుధ నియమముల ప్రకారము 20 జౌళ్ళ శక్తికి మించని 4.5 మిల్లీమీటర్ల గాలి తుపాకికి లైసెన్సు అక్కరలేదు. బుడగలు అయిపోయిన తరువాత పిల్లవాని కన్ను గోడ మీది ఉడుత వైపు పోవును. కదలని గురి విసుగు పుట్టించును, కదలుచున్నది ఆశ పెట్టును. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వేటను నిషేధించినది గాని, పెరటిలో ప్రతి పిల్లవాని వెనుక కావలి నిలువలేదు. ఆ కావలి ఇంటివారే కావలెను.

గురిలో ఏకాగ్రత కుదురుచున్నది గదా, అది ధ్యానము కాదా యని కొందరు చదువుకొన్న పిల్లలు అడుగుదురు. కొంగ కూడ ఒంటికాలి మీద కదలక నిలుచును. దానిని చూచియే మనవారు కొంగజపమనిరి. శాస్త్రమున రౌద్రధ్యానము కూడ ధ్యానమే, హింసలో ఆనందించుట అందులో ఒక భేదము. మనస్సు నిలిచినదా యని మాత్రము గాక, దేనిపై నిలిచినదని కూడ అడుగవలెను.

అట్లైన కుర్రవాడు స్నేహితులను విడువవలెనా? పరదేశమున ఒంటరిగా నున్నవానికి స్నేహము చిన్న సంగతి కాదు. దానిని తెంచుమని ఇక్కడ కూర్చుండి ఆజ్ఞాపించుట సులభము, అక్కడ పాటించుట కష్టము. అతడు వారితో ఎడారికి పోవచ్చును, వండిపెట్టవచ్చును, సూర్యాస్తమయమును చూడవచ్చును, తన వంతు వచ్చినప్పుడు "నాకు వద్దు" అనవచ్చును. ఎందుకని అడిగినచో తాబేలు సంగతి చెప్పవచ్చును. నిజమైన స్నేహితుడు దానికి నవ్వి ఊరుకొనును గాని వెలివేయడు. ఆట మీదనే మక్కువ యున్నచో, చట్టమునకు లోబడి, గుండ్లను ఏరి తీయు ఏర్పాటున్న కట్టడపు గదిలో, వలయముల గురి ముందు గాలి తుపాకితో నేర్చుకొనవచ్చును. అది ఎడారిలో విచ్చలవిడిగా కాల్చుటకంటె చాల తక్కువ దోషము. దోషమే లేదనరాదు.

తాతగారు కోపము విడిచి మనుమనికి వ్రాయవలసిన ఉత్తరములో మూడు మాటలు చాలును. గురి మీద ఏ బొమ్మ యున్నదో చూడుము. గురి వెనుక ఏ ప్రాణి యున్నదో చూడుము. ఆ రాత్రి ప్రతిక్రమణమునకు కూర్చుండి దినమున చేసినవన్నియు వరుసగా తలచుకొనునప్పుడు, ఆ నూటయేబది తూటాలను ఏ పద్దులో వ్రాయుదువో నీవే చెప్పుము.