రాసిపెట్టిన లెక్క ఎవరికి తెలుసు?

నుదుట రాసి ఉందా, లేదా? ఆయుష్షు మాట వచ్చినప్పుడల్లా మన వాదన ఈ రెండు కొసల మధ్యే తిరుగుతుంది. జీపీయూ చిప్‌ల మీద నడిచే ‘కర్నెల్’ ప్రోగ్రాములు రాసేవారికి మధ్యలో ఇంకో చోటు ఉందని తెలుసు. లూప్, అంటే ఒకే పనిని మళ్లీ మళ్లీ చేసే భాగం, ఎన్ని చుట్లు తిరగాలన్నది ప్రోగ్రాంను కంపైల్ చేసేటప్పుడే తెలియవచ్చు. ప్రోగ్రాం నడుస్తుండగా, లూప్‌లో అడుగుపెట్టే క్షణాన తేలవచ్చు. లోపలికి వెళ్లాక కూడా తేలకపోవచ్చు.

హద్దు ముందే తెలిస్తే కంపైలర్‌కు పని సులువు. 16 చుట్లని చెబితే లూప్‌ను విప్పి 16 అంచెలుగా పరిచేయగలదు. కానీ భాషా నమూనాకు రాబోయే వాక్యం ఎంత పొడవుంటుందో కర్నెల్ రాసే రోజున ఎవరికి తెలుసు? ఆ సంఖ్య రన్‌టైమ్‌లోనే వస్తుంది. దానికి మూల్యమూ ఉంది. జాక్స్ అనే ప్రోగ్రామింగ్ లైబ్రరీలో చుట్ల లెక్క ముందే స్థిరమైతే లూప్ వెంట వెనక్కి నడిచి అవకలనాలు కట్టవచ్చు. రన్‌టైమ్‌లో తేలేదైతే ‘ఫోరి లూప్’ కాస్తా ‘వైల్ లూప్’గా మారుతుంది, వెనక్కి దారి మూసుకుపోతుంది. నడిచిన ప్రతి అడుగునూ దాచుకోవడానికి ఎంత చోటు కావాలో ముందు తెలియదు మరి.

1967లో కంప్యూటర్ శాస్త్రవేత్తలు మేయర్, రిచీ లూప్‌లో అడుగుపెట్టేటప్పుడు లెక్క తేలే ఆ నడిమి రకాన్నే పరిశీలించారు. ప్రవేశించేటప్పుడు ఖాయమైన సంఖ్య లోపల ఏం జరిగినా మారని ప్రోగ్రాములవి. అవి తప్పక ముగుస్తాయి. హద్దే లేని ప్రోగ్రాం ఆగుతుందో లేదో అన్ని సందర్భాల్లోనూ తేల్చే పద్ధతి లేదని ట్యూరింగ్ 1936లోనే నిరూపించాడు.

ఖాయం కావడం వేరు, రాసినవాడికి తెలియడం వేరు. విధి గురించిన చర్చలో ఈ తేడా తరచూ జారిపోతుంది. కర్మ పరిపాకమే జన్మ, ఆయుష్షు, భోగం అంటాయి పతంజలి యోగసూత్రాలు. పుట్టుకతోనే హద్దు వెంట వస్తుందన్నమాట, బతికేవాడికి మాత్రం కనిపించదు.

ఆయుర్వేద గ్రంథం చరక సంహిత ఇక్కడితో ఆగలేదు. ఆయుష్షు నియతమా అని శిష్యుడు అగ్నివేశుడు విమానస్థానమనే భాగంలో అడిగితే, గురువు ఆత్రేయుడు బండి ఇరుసును చూపిస్తాడు. మంచి ఇరుసు తన కాలం నడిచి అరుగుతుంది. అధిక బరువు, ఎగుడుదిగుడు బాట, కందెన లేకపోవడం దాన్ని నడుమనే విరిచేస్తాయి. మేయర్, రిచీల లూప్‌లో ఇలా మధ్యలో తెగే వీలు లేదు. ఆత్రేయుడు దైవాన్నీ కొట్టేయలేదు: కొన్ని కర్మలు పండే కాలం నియతం, కొన్నింటిది కాదు, బలమైన పురుషకారం (మనిషి ప్రయత్నం) బలహీనమైన దైవాన్ని అణచగలదు. అంతా నియతమే అయితే మందుమాకులు ఎవరూ వాడరని, మదపుటేనుగు ఎదురొచ్చినా పక్కకు తప్పుకోరని ఆయన వాదన. మంచం మీదున్న రోగి ఏ కోవకు చెందినవాడో వైద్యుడికి తెలియదు కాబట్టి, అతడు చికిత్స మొదలుపెట్టాల్సిందే.