పొరుగింటి పళ్లెము

సంక్రాంతి అరిసెలు వచ్చినను, రంజాను సేమ్యాలు వచ్చినను, మా సంఘములలో ఒక ప్రశ్న లేచుచుండును. పొరుగువారు పంపినది విశ్వాసి తినవచ్చునా? తిననివారు తినువారిని లోకస్థులందురు. తినువారు తిననివారిని పరిసయ్యులందురు. ఒక ఇంటిలో తండ్రీకొడుకులే ఈ విషయమున మాటలాడుకొనుట మానిరి. కావున ఈ నెల దీనినిగూర్చి వ్రాయుచున్నాము.

ఈ చిక్కు క్రొత్తది కాదు. సుమారు క్రీ.శ. 55లో పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 8వ, 10వ అధ్యాయములను చదివి చూడుడి. విగ్రహ పూజలో పాలుపొందుట వేరు, అంగడిలో కొన్నది గాని పొరుగువాడు విందునకు పిలిచి వడ్డించినది గాని తినుట వేరు అని అపొస్తలుడు విడదీసెను. మొదటిది వద్దనెను. రెండవదానిని విచారణ చేయక తినుమనెను. అయితే ఇది అర్పితమైనదని ఎవడైనను చెప్పినయెడల, చెప్పినవాని మనస్సాక్షి నిమిత్తము మానుమనెను. పండుగకు వండిన అరిసెలు వేరు, నైవేద్యము పెట్టిన ప్రసాదము వేరు. ఆ భేదము పంపువారికి మనకంటె బాగుగా తెలియును. ప్రసాదమును మేము పుచ్చుకొనము, పుచ్చుకొనుడని మీతో చెప్పము.

ఇంతవరకు సులభమే. ఆ పళ్లెము ఎక్కడనుండి వచ్చుచున్నదో కూడ చూడవలెను గదా. మన తాతల దినములలో ఊరిబావి మనకు లేదు. మన చేతి నీళ్లు త్రాగువారు లేరు. మనకిచ్చిన నీళ్లు ఎత్తునుండి దోసిట పోసిరి. 1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగము 17వ అధికరణమున అంటరానితనమును రద్దుచేసెను. కాగితముమీది ఆ మాట గుమ్మముల వరకు వచ్చుటకు ఎన్ని ఏండ్లు పట్టెనో మీరెరుగుదురు. అట్టి గుమ్మము దాటి, ఊరిలోనుండి పేటకు ఒక స్త్రీ తన చేతులతో పళ్లెము తెచ్చి మన అరుగుమీద కూర్చుండినప్పుడు, ఆమె తెచ్చినది వట్టి తీపి కాదు. ముఖము త్రిప్పుకొని దానిని త్రోసివేయువారు విగ్రహమును త్రోసివేసితిమనుకొందురు. ఇంటికి తిరిగిపోవునది ఆ స్త్రీయే.

అయితే ఒక మాట అడుగక తప్పదు. క్రిస్మసునాడు మనము పంపినది వారు తినుచున్నారా, గొడ్లకు వేయుచున్నారా? గొడ్లకు వేయు ఇండ్లు ఇంకను ఉన్నవి. అక్కడ స్నేహమను పేరు పెట్టుటకు తొందరపడనక్కరలేదు. తినుచోట మాత్రము గమనింపుడి: మనము ప్రార్థన చేసి పంచినదానిని వారు ఏ విచారణయు లేక తినుచున్నారు. పౌలు మాటను చదువకయే వారు పాటించుచున్నారనిపించును!

1912లో దోర్నకల్ బిషప్పైన వి.యస్. అజరయ్యగారు, దానికి రెండేండ్లు ముందు ఎడిన్‌బరో మహాసభలో పాశ్చాత్య మిషనరీల యెదుట నిలిచి, మీ త్యాగమునకు కృతజ్ఞులమే గాని మాకు స్నేహితులు కావలెనని వేడుకొనెను. ఆయన సువార్త విషయమున ఎన్నడును వెనుదీయలేదు. అయినను 1939లో ప్రతిష్ఠింపబడిన దోర్నకల్ దేవాలయమును హిందూ ఆలయముల రీతిని, మసీదుల రీతిని కలిపి కట్టించెను. గట్టి విశ్వాసమునకు పొరుగువాని యెడల భయముండదు.

మరి ప్రసాదమే వచ్చినయెడల? పళ్లెము చేతికిచ్చిన వేళ చెప్పుటకంటె ముందుగా చెప్పుట మేలు. మా సంఘములోని ఒక సహోదరి పండుగకు వారము ముందే పొరుగింటికి వెళ్లి, "వదినా, పూజలో పెట్టింది మేము తినం. నువ్వు వండి పెడితే తింటాం. మనసులో పెట్టుకోకు" అనెను. ఆ వదిన కొంతసేపు పలుకలేదు. నైవేద్యము కాకముందు వంట ఎవరికిని పెట్టకూడదని వారి నియమము. ఆ యేడు ఆమె పెరటిలో రెండవ పొయ్యి వెలిగించి, ఈ యింటి పిల్లలకు వేరుగా వండి పంపెను. అత్తగారు రెండు దినములు గొణిగెనని తరువాత విన్నాము.