పారిపోవుటయు ధైర్యమే



ఐగుప్తున పోతీఫరు ఇంట దాసుడై యుండియు సర్వమునకు విచారణకర్తయైన యోసేపు, యజమానుని భార్య దినదినమును తన్ను వేధించుచుండగా ఆమె మాట చెవిని బెట్టక, ఇంట నెవరును లేని యొకనాడు ఆమె తన వస్త్రమును పట్టుకొనినంతనే, దానిని ఆమె చేతనే విడిచి వెలుపలికి పరుగెత్తిన వృత్తాంతము ఆదికాండము 39వ అధ్యాయమున నున్నది. అతడు నిలిచి వాదింపలేదు. తన నిగ్రహమును పరీక్షించుకొననూ లేదు. పాపముతో సంభాషణకు దిగినవాడు సగము ఓడినవాడే యని నా దృఢవిశ్వాసము.

ఆ పరుగునకు లభించిన ఫలము సన్మానము కాదు, చెరసాల. విడిచిన వస్త్రమే అతనిపై సాక్ష్యమయ్యెను. మనము సాధారణముగా నిచ్చట కథ ముగించి, అతని ఇంద్రియనిగ్రహమును కొనియాడి యూరకుందుము. నాకు మాత్రము అంతకంటె మనోహరముగా దోచునది తరువాతి యధ్యాయము. ఒక ఉదయమున తోడి ఖైదీలైన రాజు పానదాయకుడును భక్ష్యకారుడును చిన్నబోయిన మొగములతో నుండుట చూచి, నిరపరాధియై బంధింపబడిన ఆ యువకుడు, తన దుఃఖమును ప్రక్కకు నెట్టి, వారి విచారమునకు కారణమేమని యడిగెను. దుష్కామమునుండి పారిపోయిన పాదములు పరులబాధ యొద్దకు నడచినవి.

పౌలు తిమోతికి వ్రాసిన రెండవ పత్రికలో, యౌవనమున పుట్టు కోరికలను విడిచి పరుగెత్తుమనిన నోటితోనే, నీతిని, ప్రేమను వెంటాడుమనియు, అదియు శుద్ధహృదయముతో ప్రార్థించువారితో కూడి చేయుమనియు బోధించెను. కావున సోదరీసోదరులారా, నేడు మీ యంతరాత్మ దేనినుండియైనను తొలగుమనిన యెడల, తర్కింపక తొలగుడు. తొలగిన పిదప ఒంటరిగా కూర్చుండక, ప్రార్థించు స్నేహితు నొకని యింటికి పొండు.