నిద్ర కాని విశ్రాంతి

నిద్ర సుఖ మెఱుగదని మనవారి సామెత. మిక్కిలి యలసినవాడు కటికనేలమీదనైనను నిద్రించును. కాని నిద్రించి లేచినవారందఱును విశ్రాంతి నొందినవారేనా? ఏడుగంటలు నిద్రించియు అలసటతోడనే లేచువారు మన యిండ్లలో లేరా? నిద్ర దేహము తనంతట తాను తీర్చుకొను నక్కఱ. విశ్రాంతి మనస్సునకు గూడ సంబంధించినది. ఈ భేదమును గుర్తింపకపోవుటవలన మన కుటుంబములందొక యన్యాయము కంటికి గనబడక సాగుచున్నది.

మా యింటి మాటయే చెప్పుదుము. కొన్నియేండ్ల క్రిందట నొక మధ్యాహ్నము మా తల్లిగారు వంటయిల్లు కడిగి వచ్చి వీధియరుగుమీద గూర్చుండిరి. "అలసిపోతివి. పోయి కొంతసేపు నిద్రింపరాదా, అమ్మా?" యని మేమంటిమి. "నిద్ర రాదు, నాయనా. కొంచెముసేపు ఊరక కూర్చుండవలెనని యున్నది" అని యామె యనిరి. ఆ మాట ముగియకమునుపే లోపలినుండి యెవరో కాఫీ యడిగిరి. ఆమె లేచిపోయిరి. మేము వారింపలేదు. మేమే పోయి కాఫీ కలుపవచ్చునని మాకు దోచనైనను లేదు. మేము చూపిన యుపాయము నిద్ర. ఆమె కోరినది తన్నెవరును పిలువని యొక గడియ.

కార్మికు లీ భేదమును చిరకాలము క్రిందటనే యెఱిగిరి. నారాయణ మేఘాజీ లోఖండేగారి నాయకత్వమున బొంబాయి మిల్లుకూలీలు 1890లో ఆదివారపు సెలవును సాధించిరి. రాత్రి నిద్ర వారి కంతకుముందును గలదు. వారు కోరినది తమదైన యొక పగలు. పిదప మనదేశమున 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము, ఐదుగంటలకు మించి యెడతెగక పని చేయింపరాదనియు, నడుమ అరగంటకు తక్కువగాని విరామ మీయవలెననియు, వారమున కొకదినము సెలవుండవలెననియు విధించెను. ఆ సంవత్సరముననే ఐక్యరాజ్యసమితి ప్రకటించిన మానవహక్కులలో విశ్రాంతియు, తీరికయు జేరినవి. మన పల్లెలలో బెక్కుచోట్ల అమావాస్యనాడు అరక కట్టని యాచారము గలదు. ఎద్దునకు గల యీ సెలవు ఇల్లాలికి ఏ తిథియందు గలదు? 2019లో కేంద్రప్రభుత్వము జరిపిన కాలవినియోగ పరిశీలన ననుసరించి, జీతము లేని యింటిపని చేయువారిలో స్త్రీలు దినమునకు సగటున 299 నిమిషములును, పురుషులు 97 నిమిషములును దానికి వెచ్చించుచుండిరి.

విశ్రాంతి కోరుట సోమరితనము కాదాయని కొందఱు పెద్దలు శంకింతురు. సోమరి తన పనిని ఇతరులపై ద్రోయును. విశ్రమించువాడు తన పని చేసి ఆగును. మరల బాగుగ బని చేయుటకే విశ్రాంతి యనువారును గలరు. అదియు సగము సత్యమే. యంత్రమునకు నూనె వేయుట దాని పనికొఱకు. మనుష్యుడు యంత్రము కాడు. పనికి బుట్టినవారమే యైనచో మనకు పాటయేల, స్నేహమేల, సాయంకాలపు గాలి యేల?

అలసట యొక్కతీరున నుండదు. కావున విశ్రాంతియు నొక్కతీరున నుండజాలదు. దినమంతయు లెక్కలు వ్రాయు గుమాస్తాకు మొక్కలకు నీరు పోయుట విశ్రాంతి. దినమంతయు మాటలాడు నుపాధ్యాయునికి మౌనము విశ్రాంతి. ఒంటరిగ నింటనుండు వృద్ధునకు నలుగురితో ముచ్చటించుట విశ్రాంతి. పరుండి చేతిలోని ఫోనును చూచుచుండుటను మనము విశ్రాంతియని భ్రమింతుము. అప్పుడును కన్నును మనస్సును పనిలోనే యున్నవి. ఇక ఇంటిభారమంతయు వహించు స్త్రీకి, పాలు పొంగునేమో, బిడ్డ యేడ్చునేమోయని చెవియొగ్గి యుండనక్కఱలేని కాలమే విశ్రాంతి. అట్టి కాలమును ఆమె యొక్కతె సంపాదించుకొనజాలదు. తక్కినవా రా భారమును దలకెత్తుకొన్నప్పుడే యది యామెకు లభించును.

కావున ప్రతిగృహమునందును దినమున కొకగంటయైన నామెకు విడువవలెను. ఆ గంటలో పొయ్యియు, పిల్లలును, వీధితలుపును భర్తయు కుమారులును జూచుకొనవలెను. ఆమె చదువుకొనునో, పొరుగింటికి బోవునో, అరుగుమీద నూరక కూర్చుండునో యడుగు నధికారము మనకు లేదు. మే మాలస్యముగనే కాఫీ కలుపుట నేర్చితిమి. అది యంత కష్టమైన విద్య కాదు.