పదునేడవ యేటి ప్రతిజ్ఞ

అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఉన్నత పాఠశాల చదువు ముగియుచుండగనే, కాలేజీ గడప యింకను త్రొక్కని విద్యార్థికి, మూడేండ్ల పిమ్మట ఆరంభము కాబోవు ఫిజికల్ థెరపీ (ఫిజియోథెరపీ) డాక్టరు విద్యలో సైతము ముందుగనే సీటు నిశ్చయించి యిచ్చు పద్ధతి యొకటి కలదు. నాలుగేండ్ల పట్టభద్ర విద్యయు, ఆపైన మూడేండ్ల డాక్టరు విద్యయు కలిసి ఏడేండ్లు పట్టు మార్గము, దీనివలన ఆఱేండ్లకు కుదించుకొనును. ఏలయనగా డాక్టరు విద్యలోని తొలి సంవత్సరమే పట్టభద్ర విద్యకు నాలుగవ సంవత్సరముగ లెక్కకు వచ్చును. మిల్వాకీ నగరమందలి మార్క్వెట్ విశ్వవిద్యాలయము, సెయింట్ లూయీ విశ్వవిద్యాలయము, న్యూయార్క్ రాష్ట్రమందలి ఇథాకా కాలేజీ ఈ మార్గమును నడపిన సంస్థలలోనివి. వాగ్దానము నిరుపాధికము కాదు. శరీరనిర్మాణము, శరీరధర్మము, భౌతిక రసాయన శాస్త్రములు, గణాంకము మొదలగు విషయములలో నిర్ణీతమైన మార్కుల సగటును జాఱకుండ నిలుపుకొనవలెను. పెక్కుచోట్ల చికిత్సాలయమున నిలిచి, చేయువారు చేయుచుండగ చూడవలెను.

కాలము కలిసివచ్చుననియు, కర్చు తగ్గుననియు ఈ యేర్పాటును మెచ్చుకొనువారు పెక్కురు. నన్ను పట్టి నిలిపిన ప్రశ్న వేఱు. పదునేడేండ్ల ప్రాయమున మనుష్యుడు తన జీవితమును గూర్చి మాట యియ్యవచ్చునా? మాట యిచ్చువాడు నేటి బాలుడు. దానిని నెఱవేర్పవలసినవాడు, ఇంకను చదువని పుస్తకములచేతను, ఇంకను కలియని మనుష్యులచేతను, ఇంకను అనుభవింపని దుఃఖములచేతను రూపుదిద్దుకొనబోవు వేఱొక యువకుడు. వాని పక్షమున వీడు ఏ యధికారముతో సంతకము చేయుచున్నాడు? మన శాస్త్రకారులు గ్రంథారంభముననే విషయమును, ప్రయోజనమును, సంబంధమును చెప్పుటతో తృప్తిపడక, ఈ విద్యకు అధికారి యెవడని విచారించిరి. ఆ యధికారము విద్యకు ముందే సిద్ధమై యుండవలసినదా, లేక విద్యాలయమున నడచుచుండగ క్రమముగ సిద్ధించునదా యను సందేహము నేటిది కాదు.

ఛాందోగ్యోపనిషత్తులో సత్యకాముని కథ కలదు. తండ్రి గోత్రమేదో తెలియని ఆ బాలుడు హారిద్రుమతుడగు గౌతముని యెదుట నిలిచి, తల్లి జబాల తనతో చెప్పిన దానిని దాపఱికము లేక విన్నవించెను. ఆ సత్యసంధత యొక్కటియే చాలునని గురువు వానిని ఆ క్షణముననే శిష్యునిగ గైకొనెను. కాని బ్రహ్మవిద్యను ఆ క్షణమున ఉపదేశింపలేదు. మందలో బక్కచిక్కిన నాలుగువందల గోవులను వేఱుచేసి, వీనివెంట పొమ్మనెను; అవి వేయి యగువఱకు తిరిగి రానని శిష్యుడే పలికి అరణ్యమునకు తరలెను. పెక్కు వత్సరములు గడచెను. ఒక వృషభము, అగ్ని, ఒక హంస, ఒక నీటిపక్షి వానికి బ్రహ్మమును పాదము పాదముగ తెలిపినవి. స్వీకారము ముందు, యోగ్యత వెనుక అను క్రమమునే ఈ కథలో నేను చూచుచున్నాను. గురువు మధ్యకాలమున శిష్యుని పరీక్షింపలేదు, ఆవుల లెక్క యడుగుటకు మనుష్యులను పంపలేదు. స్థానము దొరకునా దొరకదా యను చింత లేకపోవుటచేతనే, ఆ బాలుని చెవి పశుపక్ష్యాదుల మాటకు సైతము తెఱచుకొనియుండెను.

ప్రశ్నోపనిషత్తునందలి పిప్పలాదుని రీతి యిందుకు భిన్నము. సమిధలు చేతబట్టి వచ్చిన ఆర్గురు జిజ్ఞాసువులను ఆయన ఒక సంవత్సరము తపోబ్రహ్మచర్యశ్రద్ధలతో తనయొద్ద నివసింపుడని యాజ్ఞాపించి, ఆ పిమ్మట అడిగినచో తనకు తెలిసినంత చెప్పుదునని మాత్రమే మాట యిచ్చెను. ఈ రెండు పద్ధతులలో నా మనస్సు గౌతముని వైపే మ్రొగ్గుచున్నది. సీటు నిశ్చయము కాని విద్యార్థి నాలుగేండ్లును తోడివారిని ప్రత్యర్థులుగ చూచుచు, ప్రతి పరీక్షను ఒక మెట్టుగ లెక్కించుచు బ్రతుకును. నిశ్చయమైనవాడు, ఫలము చేతికి వచ్చినదిగ నెంచి, కండరము ఎముకను ఎట్లు కదలించుచున్నదో దానిని దానికొఱకే నేర్చుకొనగలడు. గీత బోధించిన ఫలాసక్తిరాహిత్యమునకు ఇంతటి యనుకూలమైన లౌకికవ్యవస్థ అరుదు. అయితే మార్కుల సగటు అను నియమము ఆ నిర్భయత్వమును వెనుకద్వారమున హరించుచున్నది. చేజిక్కిన సీటు జాఱిపోవునేమో యను భయము, దొరకని సీటును గూర్చిన చింతకంటె తేలికయైనది కాదు. రోగి శరీరమును ముట్టబోవువానికి శాస్త్రజ్ఞానము కొఱవడరాదు గనుక నియమమును కాదనజాలను. దానిని బెదిరింపుగ వాడుటనే యాక్షేపింతును.

పైన పేర్కొన్న సంస్థలలో రెండు, మార్క్వెట్టును సెయింట్ లూయీయును, జెసూట్ సన్న్యాసుల సంప్రదాయమునకు చెందినవి. ఈ వృత్తిలో ప్రవేశించువారికి డాక్టరు పట్టము నిచ్చు పాఠ్యక్రమమును మొట్టమొదట నడపి, 1996లో తొలి తరగతిని పంపిన ఒమాహా నగరపు క్రైటన్ విశ్వవిద్యాలయమును ఆ సంప్రదాయముదే. జెసూట్ సంఘమునకు మూలపురుషుడైన లయోలా ఇగ్నేషియస్ కుంటివాడు. 1521లో పాంప్లోనా దుర్గరక్షణమున ఫిరంగిగుండు తగిలి ఆయన కాలు విఱిగెను. సరిగ అతుకని యెముకను వైద్యులు మఱల విఱిచి కట్టిరి. పొడుచుకొనివచ్చిన భాగమును కోసివేసిరి. అయినను కడవఱకు ఆయన కుంటుచునే నడచెను. అంతవఱకు ఖడ్గమునే నమ్మిన ఆ ముప్పదేండ్ల యోధుడు, మంచముపై పడియుండి, క్రీస్తు చరిత్రను, భక్తుల జీవితములను చదువుచు ఒక సంగతిని గమనించెను: రాచకొలువును, వీరకీర్తిని గూర్చిన తలపులు అప్పటికి తీయనివయ్యు వెనుక శూన్యమును మిగిల్చుచున్నవి, దైవసేవను గూర్చిన తలపుల యానందము నిలిచియుండుచున్నది. ఈ వివేచనమే ఆయన మార్గమునకు పునాది. ఆయన సంఘములో చేరినవాడు రెండేండ్లు సాధకుడుగ నున్నపిదపనే తొలి వ్రతమును గైకొనును. తుది వ్రతము పెక్కేండ్ల చదువునకును సేవకును పిమ్మట గాని రాదు. వ్రతమహిమను ఇంతగ నెఱిగిన సంప్రదాయమే, మాటకు ముందును వెనుకను ఇంత కాలమును నిలిపినది. ఆ సంప్రదాయపు విద్యాలయములు పదునేడేండ్లవానికి మాట యిచ్చునప్పుడు ఈ కాలవ్యవధిని మఱువరాదని నా మనవి.

ఎందుకనగా ఈ వృత్తి యొక విలక్షణమైన సహనమును కోరును. పక్షవాతము సోకిన వృద్ధుని మంచము అంచున కూర్చుండబెట్టుట, సమాంతరముగ నమర్చిన కమ్ముల నడుమ నిలువబెట్టుట, నేడు వేసిన యడుగు రేపు పడకపోయినను విసుగక మఱల ఆరంభించుట దినదిన కృత్యములు. మొదటి ప్రపంచయుద్ధకాలమున క్షతగాత్రులైన సైనికులకు సేవచేయుటకై అమెరికాలోని యువతులు కొన్ని నెలల శిక్షణతోనే యీ పనికి దిగిరి. వారిలో అగ్రగణ్యురాలైన మేరీ మెక్‌మిలన్ 1921లో ఏర్పడిన ఈ వృత్తిసంఘమునకు తొలి యధ్యక్షురాలయ్యెను. వారికి అధికారమును ప్రసాదించినది ఎదుట నున్న బాధయే. కావున చికిత్సాలయమున నిలిచి చూచు పరిశీలన గంటలను సీటునకు వెల చెల్లించినట్లు గాక, విద్యార్థి తన చిత్తమును తాను పరీక్షించుకొను అవకాశముగ, మొదటి సెమిస్టరునుండియే, విరివిగ కల్పింపవలెను.

మన తెలుగువారము ఈ పద్ధతిని తొందరపాటని నిందింప వీలులేదు. ఇంటర్మీడియట్ ముగిసినతోడనే ఫిజియోథెరపీ పట్టవిద్యలో చేరి, నాలుగేండ్లును, ఆపై ఆరునెలల ఇంటర్న్‌షిప్పును పూర్తిచేయు విధానమే మనయొద్ద నడచినది; నడుమ ఊపిరి పీల్చుకొను మూడేండ్లు మనబిడ్డలకు లేవు. పైగా ఇక్కడగాని, అమెరికాలో స్థిరపడిన మన కుటుంబములలోగాని, బిడ్డ పలికిన ప్రతిజ్ఞ తఱచు తల్లిదండ్రుల కోరికయే. తండ్రి సుఖముకొఱకు దేవవ్రతుడు చేసిన ప్రతిజ్ఞను లోకము కొనియాడెను. కాని విచిత్రవీర్యుడు గతించినపిదప, ఎవరి వివాహముకొఱకు ఆ ప్రతిజ్ఞ పుట్టెనో ఆ సత్యవతియే దానిని విడువుమని వేడినను భీష్ముడు విడువలేదు. కురువంశము దానికి చెల్లించిన మూల్యము మనకు తెలియనిది కాదు. కాలేజీలో ఒక సీటు భీష్మప్రతిజ్ఞ కాదు, కారాదు. రెండేండ్ల పిమ్మట ఆ బిడ్డ తనకు సంగీతమో, గణితమో హృదయమున నాటుకొన్నదని చెప్పినచో, చేతికి వచ్చిన సీటును కాలదన్నుచున్నావని ఆక్రోశింపక, తల్లిదండ్రులు ఆ మాటను ఆలకింపవలెను. విద్యాలయము దానిని వైఫల్యముగ నమోదు చేయక సాదరముగ సాగనంపవలెను.

అట్లు ఖాళీయైన స్థానమునకు తగినవారు లేకపోరు. ఇగ్నేషియస్ ముప్పదియేండ్లు దాటినపిదప బార్సిలోనాలో చిన్నపిల్లల సరసన కూర్చుండి లాటిను నేర్చెను. తన కాలు విఱిగి, పరుల చేతులలో మఱల నడక నేర్చుకొని, ఆ చేతుల విద్యను తానును అభ్యసింపవలెనని వయస్సు మీఱినపిదప నిశ్చయించుకొన్నవారు నేడును కలరు. వేఱొక పట్టముతో ఆలస్యముగ వచ్చు అట్టివారికై కొన్ని సంస్థలు కొన్ని సీట్లను విడిచి యుంచుచున్నవి. పదునేడేండ్లవారికి ముందుగ మాట యిచ్చు ప్రతి విద్యాలయమును అట్లే చేయవలెను.