సూదిమొనయందలి బెజ్జము

కర్మను మానుటయు నొక కర్మయే యగునా, దానికిని ఫలముండునా యను ప్రశ్న మన వేదాంతులకు క్రొత్తది కాదు. కాని యది నా మనస్సునకు నిజముగా పట్టుపడినది ఏ భాష్యమువలనను గాక, వాల్టర్ హంట్ అను అమెరికా యంత్రశిల్పి చరిత్రమువలన.

1796లో జన్మించిన హంట్, 1834 ప్రాంతమున న్యూయార్కు నగరమందలి తన పనిశాలలో ఒక కుట్టుయంత్రమును నిర్మించెను. చేతిసూదికి బెజ్జము తలవైపున నుండును గనుక కుట్టుకుట్టునకు సూది యంతయు గుడ్డను దాటి మరలి రావలయును. హంట్ ఆ బెజ్జమును మొనకడకు దించెను. మొన గుడ్డను గ్రుచ్చి, దారమును క్రిందికి గొనిపోయి, వెనుకకు మరలునపుడు అచ్చట చిన్న యుచ్చు నిలుచును. మగ్గమున నాడె పరువెత్తినట్లు ఇచ్చటను ఒక నాడె రెండవ దారముతో ఆ యుచ్చులో దూరిపోవును. దారములు రెండును పెనగొని కుట్టు బిగియును. నేడు మన వీథిచివర దర్జీ త్రొక్కుచున్న మిషనుయొక్క కీలకమును ఇదియే.

ఈ యంత్రముతో కార్సెట్లు కుట్టు వ్యాపారము చేయుమని ఆయన తన కూతురు కారొలైనునకు సూచింపగా, చేతికుట్టుతో పొట్టపోసికొను పేదస్త్రీలకు పని పోవునని ఆమె యొల్లలేదందురు. హంట్ పేటెంటు కోరలేదు. కూతురి మాటయే యేకైక కారణమని నేననను. ఒకదానిని సాంతము చేయకమునుపే మరియొకదానిపై మనసు పోవు స్వభావమాయనది, చేతిలో డబ్బు నిలుచునది కాదు. 1849లో పిన్నీసును కనిపెట్టియు దాని హక్కును 400 డాలర్లకే అమ్ముకొనెను.

1846లో ఎలియాస్ హౌ మొనబెజ్జపు సూదికిని నాడెకును పేటెంటు పొందెను. పేదస్త్రీల సూదులు మూలబడినవి, హౌ ధనవంతుడయ్యెను. తరువాత హంట్ తన హక్కు కోరగా, మొదట కనిపెట్టినది ఆయనయే యని యంగీకరించియు, ఆలస్యము చేసెను గనుక పేటెంటు హౌదేయని 1854లో అధికారులు తీర్పు చెప్పిరి.

అట్లయిన కారొలైను దయ వ్యర్థమేనా? కాదని నా దృఢవిశ్వాసము. చేసిన పనియొక్క ఫలము మనది కానపుడు, మానిన పనియొక్క ఫలము మాత్రము మనదెట్లగును? లోకమున యంత్రము రాకుండ ఆపుట ఆ బాలిక వశమున లేదు. తన లాభమునకు ఎదుట ఎవరి అన్నము పోవునో చూచుట వశమున నున్నది, ఆమె చూచినది. హంట్ మరలివచ్చి హక్కు కోరుటను నేను త్యాగభంగమనలేను. ఇల్లు గడువని గృహస్థునకు ఆ నింద తగదు.

హంట్ 1859లో మరణించెను, హౌ 1867లో. ఇరువురి సమాధులును బ్రూక్లినునందలి గ్రీన్‌వుడ్ శ్మశానవాటికలోనే యున్నవి.